మళ్లీ వేలిముద్రగాళ్లమే

మా తాతకు సంతకం రాదు. ప్రోనోటైనా పొలం కాగితమైనా ఎడమచేతి బొటనవేలిని సిరాకు అద్ది, కాగితం మీద నొక్కి, ఆ వేలిని పంచె అంచుకు తుడుచుకునేవాడట. పక్కన కరణంగారు ‘నిశానీ’ అని రాసేవారు. మా నాన్న సంతకం నేర్చుకున్నాడు. ఎంత సంతకమనుకున్నారు! చెక్కు మీద చోటు చాలేది కాదు. చివర రెండు గీతలు, గీతల కింద రెండు చుక్కలు. ఆ చుక్కలు పెట్టేటప్పుడు ఆయన మొహం చూడాలి, వంశానికి పట్టిన గ్రహణం విడిచినట్టుండేది. నేను ఇంకో మెట్టెక్కి పత్రికలకు కథలు రాసేదాకా వచ్చాను.

అక్కడితో ఎక్కడం అయిపోయింది. పొద్దున ఆరింటికి కళ్లు తెరిచింది మొదలు రాత్రి పదకొండింటికి మూసేదాకా ఇప్పుడు నేను చేస్తున్న పనల్లా బొటనవేలు నొక్కడమే. తాత ఏడాదికి ఒకటో రెండో వేసిన వేలిముద్రలు నేను కాఫీ చల్లారేలోపు రెండొందలు వేస్తున్నాను. పైగా తాతకు నాకంటే ఒక సుఖం ఉంది. వేలికి సిరా అంటేది కాబట్టి, ఏదో రాసిచ్చేశానని ఆయనకు తెలిసేది.

నిరుటి సంగతి చెబుతాను. మాది పదో తరగతి 1988 బ్యాచ్, గుంటూరు జిల్లా పరిషత్ హైస్కూలు సరుకు. మాకూ ఓ వాట్సాప్ గ్రూపుంది. అందరికీ ఉన్నట్టే. దాని పేరు ‘మధుర జ్ఞాపకాలు’. అందరి గ్రూపులకూ ఉన్నట్టే. అరవై ముగ్గురం. ఇన్నాళ్లూ ఎక్కడున్నామో తెలియని అరవై ముగ్గురం ఒక్కచోట చేరి, మొదటి వారం కళ్లనీళ్లు పెట్టుకుని, రెండో వారం పిల్లల ప్యాకేజీలు చెప్పుకుని, మూడో వారం రాజకీయాల మీద తిట్టుకుని, నాలుగో వారం నుంచి గులాబీ పువ్వుల మీద శుభోదయాలు పంపుకోవడంలో స్థిరపడ్డాం. ఓ రోజు నేను బస్సులో నిలబడి ఉన్నాను. ఒక చెయ్యి పైన కడ్డీ మీద, రెండో చేతిలో ఫోను. గ్రూపులో ఓ మిత్రుడి మెసేజ్ వచ్చింది: ‘నాన్నగారు రాత్రి కాలం చేశారు. రేపు పొద్దున పదింటికి.’

ఆ నాన్నగారు మాకు కాలవలో ఈత నేర్పిన మనిషి. నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి నీళ్లలోకి తోసి, మునుగుతుంటే జుట్టు పట్టుకుని లేపినవాడు. నేను వెంటనే స్పందించాను. అదే కదా ఇప్పుడు కావలసింది, స్పందన. బొటనవేలి బొమ్మ నొక్కాను. ‘అలాగేరా, వస్తాను’ అని నా భావం. తెర మీద మాత్రం, ‘నాన్నగారు కాలం చేశారు’ అన్న మాట కింద, నిక్కబొడుచుకున్న పచ్చటి బొటనవేలు. భేష్, కానివ్వండి అన్నట్టు. చూస్తుండగా దాని పక్కన మరో పదకొండు వేళ్లు లేచాయి. ఇంతలో, పైకి జరిపి చూసే అలవాటు లేని మా లెక్కల టాపరు గులాబీ పువ్వు మీద ‘నవ్వుతూ బతకాలి’ అన్న సందేశం వదిలాడు. దానికీ వేళ్లు లేచాయి.

మర్నాడు నేను వెళ్లలేదు. ఏదో పని పడింది. ఏం పనో ఇప్పుడు గుర్తుకు రావడం లేదు.

ఈ బొటనవేలికి జాతకం ఉంది. ఫేస్‌బుక్‌లో లైక్ మీట పుట్టింది 2009 ఫిబ్రవరిలో. దాన్ని తయారుచేసిన బృందంలో లియా పెర్ల్‌మన్ అనే ఆవిడ ఉంది. తర్వాత ఆవిడ ఉద్యోగం మానేసి కామిక్ బొమ్మలు వేసుకుంటూ కూర్చుంది. ఆ బొమ్మలకు లైకులు తగ్గాయి. బొమ్మే బాగాలేదేమో, నేనే బాగాలేనేమో అని దిగులు పట్టుకుంది. చివరికి ఆవిడే ఫేస్‌బుక్‌కు డబ్బు కట్టి ప్రకటనలు కొనుక్కుంది. భస్మాసురుడు కూడా చెయ్యి తన నెత్తిన ఒక్కసారే పెట్టుకున్నాడు, అదీ ఉచితంగా.

రెడీమేడ్ ఆప్యాయత ఈ కాలంలోనే పుట్టిందని మాత్రం నేననను. 2013 జులైలో కన్నుమూసిన మన టెలిగ్రాంలో శుభాకాంక్షలకు నంబర్లుండేవి. పెళ్లికి ఒకటి, పండక్కి ఒకటి, పరీక్ష పాసైనందుకు ఒకటి. నంబరు చెబితే చాలు, అవతలి ఊళ్లో గుమాస్తా ఆ నంబరుకున్న వాక్యం రాసి పంపేవాడు. మన ప్రేమ మొత్తం ఒక అంకె. కాకపోతే ఆ అంకె పంపడానికి చొక్కా తొడుక్కుని, ఎండలో పోస్టాఫీసు దాకా నడిచి, వరసలో నిలబడి, జేబులోంచి డబ్బు తీయాలి. ఇప్పుడు లేవనక్కర్లేదు. ఆ మాటకొస్తే చదవనూ అక్కర్లేదు. మా తెనాలి పక్కనే తుమ్మపూడిలో కూర్చుని సంజీవదేవ్ ఎక్కడెక్కడి రచయితలకో, చిత్రకారులకో జీవితమంతా ఉత్తరాలు రాశారు. ఆ ఉత్తరాలు పుస్తకాలయ్యాయి. మా గ్రూపు సంభాషణల్నీ ఓసారి మొత్తం దించి చూశాను. పుస్తకం వేస్తే బొటనవేళ్లే రెండొందల పేజీలు.

మా బడిలో స్నేహానికి వేళ్లే సాక్ష్యం. రెండు వేళ్లు కలిపి చూపిస్తే జట్టు, చిటికెనవేలు చూపిస్తే పచ్చి. పచ్చి కొట్టాలంటే వాడి ఎదురుగా వెళ్లి, వాడి కళ్లలోకి చూస్తూ చిటికెనవేలు ఆడించాలి. ఎంత ధైర్యం కావాలి! సాయంత్రానికి మళ్లీ జట్టు కట్టాలన్నా అదే ఎదురు, అవే కళ్లు. 2009లోనే, అంటే లైకు పుట్టిన ఏడాదే, ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ నిఘంటువు వాళ్లు ‘అన్‌ఫ్రెండ్’ను ఆ సంవత్సరపు మాటగా ఎంచారు. అవతలివాడికి కబురైనా అందకుండా పచ్చి కొట్టడం. మా గ్రూపులో ఇద్దరు రెండేళ్లుగా పచ్చి. వాళ్లలో ఒకడికి ఆ సంగతి ఇంకా తెలియదు.

ఇక పలకరింపులంటారా, స్టేటస్ వచ్చాక ఆ బాధే లేదు. ‘ఎలా ఉన్నావురా’ అని ఎందుకడగాలి? అరుణాచలం వెళ్లాడు, ఫొటో పెట్టాడు, చూశాను. నేను చూసినట్టు వాడు చూశాడు. పరామర్శ సమాప్తం.

వేలిముద్ర చరిత్ర గురించి ఓ ముక్క. 1858లో బెంగాల్లో విలియం హెర్షెల్ అనే దొర రోడ్డు పనికి సరుకు సరఫరా చేసే ఓ కాంట్రాక్టరు చేత ఒప్పందం మీద సంతకంతో పాటు అరచెయ్యి కూడా అచ్చు వేయించాడు. అతను రేపు ‘ఈ సంతకం నాది కాదు’ అనకుండా భయపెట్టడానికి. అది స్నేహం కొద్దీ పట్టిన చెయ్యి కాదు, వ్యాపారం కొద్దీ పట్టింది. ఆ తర్వాత 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరోయే వెలిసింది. అంటే బొటనవేలి మీద మొదట కన్నేసింది కాంట్రాక్టూ, పోలీసూ. మనం దాన్ని స్నేహానికి చిహ్నమనుకుని మురిసిపోతున్నాం.

బొటనవేలి బొమ్మకు విలువ లేదనుకునేవాళ్లు కెనడా రైతు కథ వినాలి. సస్కాచెవాన్‌లో ఓ రైతు. 2021 మార్చిలో ధాన్యం కొనే కంపెనీ మనిషి ఎనభై పైచిలుకు టన్నుల అవిసె గింజలకు ఒప్పంద పత్రం ఫొటో తీసి అతని ఫోనుకు పంపాడు, ఖాయం చేయమని. రైతు బొటనవేలి బొమ్మ పెట్టాడు. నవంబరులో సరుకివ్వాలి. ఈలోగా అవిసెల ధర రెట్టింపు దాటిపోయింది. సరుకు రాలేదు. కంపెనీ కోర్టుకెక్కింది. ‘అయ్యా, కాగితం అందింది అని చెప్పడానికి పెట్టానంతే, ఒప్పుకున్నానని కాదు’ అని రైతు మొత్తుకున్నాడు. 2023లో జడ్జిగారు ఆ బొమ్మనే సంతకంగా లెక్కగట్టి, 82 వేల కెనడా డాలర్ల పైచిలుకు కట్టమన్నారు. 2024 డిసెంబరులో అప్పీలు కోర్టూ అదే ఖాయం చేసింది.

రైతు, కొనుగోలుదారు, కాగితం, బొటనవేలు, కోర్టు. ఈ కథ మా తాతకు చెబితే ‘ఇందులో కొత్తేముందిరా’ అనేవాడు.

నిజానికి తాత నాటి పద్ధతే కాస్త నయం. కాగితం రాసినవాడు గట్టిగా చదివి వినిపించేవాడు. ‘ఇందుకు సాక్షులు’ అని ఇద్దరు కూర్చునేవారు. పక్కన ఎవడో ఒక ముసలాయన ‘వడ్డీ ఎంతన్నారూ?’ అని చెవి దగ్గర చెయ్యి పెట్టి మళ్లీ అడిగేవాడు. మోసం లేదని కాదు, కానీ మోసానికి నలుగురి ఎదుట కూర్చోవలసిన శ్రమ ఉండేది. నా ఫోనులో ‘ఐ అగ్రీ’ అన్న మాట ముందు అరవై పేజీలున్నాయట. నేను చదివింది ఆ రెండు మాటలే. 2021 జనవరిలో వాట్సాప్ కొత్త షరతులకు ఒప్పుకోమంది. ఊళ్లో అందరూ ‘ఘోరం, మన వివరాలన్నీ అమ్మేస్తారు’ అని గగ్గోలు పెట్టారు. ఎక్కడ పెట్టారు? వాట్సాప్‌లోనే. పెట్టి, ఒప్పుకుని, శుభోదయం పంపారు. 2024 నవంబరులో కాంపిటీషన్ కమిషన్ ఆ వ్యవహారంలో కంపెనీకి రూ.213 కోట్ల జరిమానా వేసింది. కంపెనీ అప్పీలుకెళ్లింది. నా వేలిముద్ర మాత్రం ఎక్కడ వేశానో అక్కడే ఉంది.

ఏకలవ్యుణ్ణి ద్రోణుడు కనీసం నోరు తెరిచి అడిగాడు.

సృజన సంగతికొద్దాం, అక్కడ నా వేలూ ఇరుక్కుంది. మా మేనల్లుడు ఇంజనీరింగ్ చదివి ‘కంటెంట్’ చేస్తున్నాడు. ఆ మాట వినగానే మా అక్క మొదట్లో సిమెంటు లాంటిదేదో అనుకుంది. వాడొచ్చి ‘మావయ్యా, కథలు ఎవరు చదువుతారు? గొంతుతో చదివి చానల్లో పెడదాం’ అన్నాడు. నాకూ ఆశ పుట్టింది. గేదెను అమ్ముకున్న ముసలి రైతు మీద నేను రాసిన కథ ఒకటుంది. ముప్ఫై ఏళ్ల కిందట ఓ వారపత్రికలో వస్తే, ఎవరో చదివి కార్డు ముక్క రాశారు, ‘ఆ రాత్రి మా ఇంట్లో కూడా ఎవరూ అన్నం తినలేదండీ’ అని. ఆ కథే చదివాను. చదవడం అయ్యాక మావాడు ‘ఇప్పుడు అసలు పని ఉంది, థంబ్‌నెయిల్’ అన్నాడు.

థంబ్‌నెయిల్ అంటే తెలుగులో బొటనవేలి గోరు. గోరంతను కొండంత చేయడం మనవాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య కాబట్టి, ఈ కళలో మనం ఎవరికీ తీసిపోం. మావాడు చేసిన గోరు ఇలా ఉంది: నా మొహం, నోరు తెరుచుకుని. నేనెప్పుడూ అంత నోరు తెరవలేదు, పళ్ల డాక్టరు దగ్గర తప్ప. పక్కన గేదె. గేదె చుట్టూ ఎర్రటి సున్నా. దాని మీదికి ఎర్రటి బాణం. కింద పసుపు అక్షరాల్లో: ‘గేదెను అమ్మిన రాత్రి ఆ ఇంట్లో ఏం జరిగిందో తెలిస్తే షాకవుతారు!’

ఆ రాత్రి ఆ ఇంట్లో ఏమీ జరగలేదు. ఎవరూ అన్నం తినలేదు. కథంతా అదే.

నాలుగు వేలమంది చూశారు. కామెంట్లు నేనే కూర్చుని చదివాను. ‘ఫస్ట్ కామెంట్.’ ‘సెకండ్.’ ‘గేదె ముర్రా జాతేనా అన్నా? రోజుకి ఎన్ని లీటర్లు?’ ‘షాక్ ఎక్కడుంది, టైం వేస్ట్.’ ‘లోన్ కావాలంటే ఈ నంబరుకి మెసేజ్ చేయండి.’ ఇలా వంద. మావాడు ఇంకో పట్టిక చూపించాడు. జనం 38వ సెకను దగ్గర లేచి వెళ్లిపోతున్నారట. ‘మొదట్లో హుక్ లేదు మావయ్యా’ అన్నాడు. హుక్ అంటే గేలం. చేపలు పట్టేవాళ్ల మాట అది. ముప్ఫై ఏళ్లు కథలు రాసినవాణ్ణి, పాఠకుడికి నోరుంటుందనీ, దాంట్లో గేలం గుచ్చాలనీ తెలుసుకోలేకపోయాను.

మీరు నవ్వుతున్నారేమో, తర్వాత జరిగింది కూడా చెప్పేస్తాను. రెండో కథ రాయడానికి కూర్చున్నప్పుడు మొదటి వాక్యానికి ముందే నాకు థంబ్‌నెయిల్ తోచింది. ఎర్ర సున్నా ఎక్కడ గీయాలో ముందు చూసుకుని, ఆ సున్నాలో పట్టే పాత్రను తర్వాత పుట్టించాను. ఎవరూ నన్ను బలవంతం చేయలేదు. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు చేతికి రావాలంటే వెయ్యిమంది చందాదార్లూ, ఏడాదిలో 4,000 గంటల వీక్షణా ఉండాలి. 4,000 గంటలంటే రాత్రీ పగలూ కలిపి దాదాపు 167 రోజులు. ఎవరో ఒకరు 167 రోజులు నిద్ర మాని నన్ను చూడాలి. ఎవరు చూస్తారు? ‘మధుర జ్ఞాపకాలు’ ఉండనే ఉంది. ‘మిత్రులారా, సబ్‌స్క్రైబ్ చేసి గంట గుర్తు నొక్కగలరు’ అని పెట్టాను. మా ఊళ్లోకి జంగందేవర గంట వాయించుకుంటూ భిక్షకొచ్చేవాడు. అడుక్కునేవాడు గంట కొట్టడం మర్యాద. ఇప్పుడు అడుక్కునేవాడు మనల్ని గంట కొట్టమంటున్నాడు. వేళ్లు మాత్రం ఇరవై ఏడు లేచాయి. చందాలు నాలుగు పెరిగాయి. అందులో ఒకటి నాదే, మా ఆవిడ ఫోనులోంచి.

కళకూ వ్యాపారానికీ చుట్టరికం లేకుండా ఏనాడూ లేదులెండి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక పుట్టింది. తలనొప్పి మందు అమ్మి సాహిత్యాన్ని పోషించిన మహానుభావుడు. ఇప్పుడు మందు ప్రసక్తి లేదు, తలనొప్పినే నేరుగా అమ్ముతున్నాం. చేతిలో పైసా లేకుండా దర్జాగా ఫొటోలు తీయించుకుని, ఫొటోగ్రాఫరు డబ్బుకు మనిషిని పంపితే తప్పించుకు తిరిగిన గిరీశాన్ని గురజాడవారు ఎప్పుడో పుట్టించి పెట్టారు. ఇన్‌ఫ్లుయెన్సర్ అన్న మాట ఒక్కటే ఆయనకు అందలేదు.

యూట్యూబ్‌లో వంటలు చేసిన మస్తానమ్మగారి ఊసెత్తకపోతే మాత్రం పాపం చుట్టుకుంటుంది. నూరేళ్లు దాటానని చెప్పుకునే వయసులో, పొలంలో మూడు రాళ్ల పొయ్యి ముందు కూర్చుని, పుచ్చకాయలో కోడికూర వండితే ప్రపంచం గుడ్లప్పగించి చూసింది. మునిమనవడు వీడియో తీశాడు. 2018 డిసెంబరులో ఆమె పోయింది. అల్లం పొట్టు ఆవిడ గోళ్లతోనే గీకేది. బొటనవేలి గోరుకు నేను చూసిన అసలైన వాడకం అదొక్కటే.

వ్యాపారంలోకొస్తే, చుట్టరికాలు కలపడంలో ఇప్పటి అమ్మకందార్లు పెళ్లిళ్ల పేరయ్యల్ని మించిపోయారు. రాత్రి తొమ్మిదింటికి మా ఇంట్లో చీరల లైవ్ మొదలవుతుంది. ‘హాయ్ అక్కా, హాయ్ అమ్మా, మన ఫ్యామిలీ మెంబర్స్ అందరికీ... కలర్ చూశారా, ఎంత రిచ్‌గా ఉందో! కావాలనుకున్నవాళ్లు స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చేసేయండి. నో సీవోడీ అక్కా. ఓపెనింగ్ వీడియో మస్ట్ అమ్మా, వీడియో లేకపోతే రిటర్న్ లేదు.’ అమ్మా అని పిలిచి, ఆ అమ్మ మీద నమ్మకం లేక, పార్సిలు విప్పేటప్పుడు కత్తెర దగ్గర్నుంచి వీడియో సాక్ష్యం అడిగే కూతుళ్లు మాకు నెలనెలా పెరుగుతున్నారు. మా ఆవిడ పార్సిలు విప్పుతుంటే ఫోను పట్టుకుని నిలబడే పంచనామా ఉద్యోగం నాది. సొంత కూతురు ఫోన్ చేస్తే మాత్రం ఆవిడ ‘లైవ్‌లో ఉన్నానే, తర్వాత చెయ్యి’ అంటుంది.

ఇక చుక్కలు. టైలరు చొక్కా బిగుతుగా కుట్టాడు. అడుగుదామని వెళితే, వాడే ముందు ‘సార్, ఐదు స్టార్లు ఇవ్వాలి మీరు’ అని పలక చూపించాడు. అన్నం తెచ్చిన కుర్రాడూ అదే మాట, మెట్లెక్కిన ఆయాసంతో. పాపం, వాడి చుక్కలు తగ్గితే వాడి బతుకులో ఏదో తగ్గుతుంది, అందుకే సాంబారు ఒలికిపోయినా ఐదూ ఇస్తాను. పెళ్లిలో పురోహితుడు అరుంధతిని చూపిస్తే నాకు ఆ ఒక్క చుక్కే కనబడలేదు. ఇప్పుడు రోజుకు పాతిక చుక్కలు, అదీ పట్టపగలు.

మా వీధి చివర కిరాణా కొట్టు శెట్టిగారి దగ్గర డబ్బా ఉంది. డబ్బు పడగానే ‘రూపాయలు అందాయి’ అని అరుస్తుంది. యూపీఐ 2016లో వచ్చింది. 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే లావాదేవీలు 2,000 కోట్లు దాటాయి. మంచిదే. చిల్లర లేదని చాక్లెట్ చేతిలో పెట్టే రోజులు పోయాయి. నేను గొణిగేది వేరే సంగతి. ఒకప్పుడు శెట్టిగారు డబ్బు లెక్కపెట్టుకుంటూ ‘అమ్మాయికి సంబంధాలేమైనా వచ్చాయా?’ అని అడిగేవారు. నోట్లు నాలుగుంటే నాలుగు ప్రశ్నలు పట్టేవి. ఇప్పుడు డబ్బా అరుస్తుంది, ఆయన తలెత్తకుండా బొటనవేలు ఎత్తుతారు, నేను వచ్చేస్తాను. అయినా గల్లాపెట్టె కింద ఆ పాత ఖాతా పుస్తకం ఇంకా ఉంది. ఓసారి కూలికి వెళ్లే మనిషి ఒకామె చేతిసంచితో కొట్టు పక్కగా నిలబడి ఉంది. శెట్టిగారు మాట్లాడకుండా పుస్తకం తీశారు. ఆ డబ్బాకు ‘అందాయి’ అనడమే వచ్చు. ‘సరేలే, కూలి వచ్చాక ఇద్దువుగాని’ అనడం దానికి ఎవరూ నేర్పలేదు.

ఆ మనిషినే మళ్లీ రేషన్ షాపులో చూశాను. డీలరు ముందు ఈ-పోస్ మిషను. ఆమె వేలు పెట్టింది. మిషను ఎర్రగా మెరిసింది. ‘వేలు పడట్లేదమ్మా, తుడిచి పెట్టు.’ చీర కొంగుకు తుడిచి పెట్టింది. పడలేదు. ‘రెండో చెయ్యి.’ పడలేదు. బొటనవేలు నోట్లో తడి చేసి, మళ్లీ తుడిచి, ఈసారి మిషను మీద కాదు, మిషను లోపలికి దిగేంత గట్టిగా నొక్కింది. నాట్లకూ కలుపుకూ మిరప కోతకూ పోయి పోయి ఆ వేలి మీద గీతలు అరిగిపోయాయి. వెనకాల వరసలో నేను, నా నున్నటి బొటనవేలితో రీల్స్ జరుపుకుంటూ నిలబడ్డాను. నా వంతు రాగానే మిషను నన్ను ఒక్క క్షణంలో గుర్తుపట్టింది. పని చేసిన వేలు ఎవరిదో యంత్రానికి తెలియదట, సోమరి వేలైతే ఠక్కున పోల్చుకుంటుందట.

వేలిముద్ర మానేసి అక్షరం పట్టినవాళ్లు ఏం చేయగలరో కూడా ఈ గడ్డ మీదే చూశాం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో రాత్రి బడులు పెట్టారు. దూబగుంటలో ఆడవాళ్లు వాచకంలో సారా గురించి ఒక పాఠం చదువుకున్నారు. ఒక్క పాఠం. చదివి, పలక పక్కన పెట్టి, లేచి వెళ్లి ఊళ్లో సారా దుకాణం మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమల్లోకొచ్చింది. వాళ్లకు గ్రూపు లేదు, చానల్ లేదు, గంట గుర్తు లేదు. వాట్సాప్ ఇప్పుడు ఒక గ్రూపులో 1,024 మందిని పట్టనిస్తుంది. మా కాలనీ గ్రూపులో నాలుగొందలమంది ఉన్నాం. వీధి మొదట్లో పగిలిన మురుగు కాలవ ఫొటోకు నూట పది వేళ్లు లేచాయి. కాలవ ఇంకా పారుతోంది.

ఫోను అవతల పారేయమని చెప్పే వయసు నాది కాదు, చెబితే వినే వయసు మీదీ కాదు. పైగా మొన్న గుంటూరు బస్టాండులో ఒక అమ్మాయిని చూశాను. బెంచీ మీద ఫోనును నీళ్ల సీసాకు ఆనించి నిలబెట్టింది. తెరలో ఒక కుర్రాడు. ఇద్దరికీ మాట రాదు. వీడియో కాల్‌లో చేతులతో మాట్లాడుకుంటున్నారు. ఆమె కోపంగా ఏదో అంది, రెండు అరచేతులూ చరిచి. అతను చెవులు పట్టుకున్నాడు. ఆమె మొహం తిప్పుకుని, ఓరగా చూసి, నవ్వాపుకోలేక, పదివేళ్లూ విప్పి ఏదో పొడుగ్గా చెప్పడం మొదలుపెట్టింది. ఆమె బస్సు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. ఆ యంత్రంతో పది వేళ్లూ వాడి మాట్లాడుకుంటున్నవాళ్లను నేను చూడడం అదే మొదటిసారి.

గ్రూపులో మళ్లీ మెసేజ్ వచ్చింది. వచ్చే ఆదివారం మాకు ఈత నేర్పిన నాన్నగారి సంవత్సరీకం. ఇప్పటికి పంతొమ్మిది వేళ్లు లేచాయి. నేను ఏమీ నొక్కలేదు, ఆ మిత్రుడికి ఫోన్ చేశాను. ఎత్తి, కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ‘ఏంట్రా, నొక్కబోయి పొరపాటున కాల్ చేశావా?’ అన్నాడు.

‘మధుర జ్ఞాపకాలు’ వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, తెనాలి బస్టాండు నుంచి పొద్దున ఎనిమిదింటికి బస్సుంది. నేను దాంట్లో ఉంటాను. ఈసారి వేలొక్కదాన్నే పంపించకండి, దాని వెనకాల మీరూ రండి.